తెరవకుండా లోపల చూడటం: బోలు కంచు విగ్రహానికి న్యూట్రాన్ టోమోగ్రఫీ చేయించే విధానం

టిబెట్, నేపాల్ ప్రాంతాల్లో పోతపోసిన బౌద్ధ విగ్రహాలలో చాలావరకు లోపల బోలుగా ఉంటాయి. పోత పూర్తయ్యాక ఆ ఖాళీలో నిలువుగా ఒక చెక్క కడ్డీని నిలబెట్టి, మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, గుడ్డ పీలికలు, ధాన్యపు గింజలు, పవిత్రంగా భావించే ఇతర వస్తువులు నింపి, అడుగున రాగిరేకు బిగించి ప్రతిష్ఠ చేస్తారు. ఆ రేకును విప్పితే ప్రతిష్ఠకు భంగం కలిగినట్టే. మ్యూజియం దృష్టితో చూసినా, లోపలి అమరిక ఒకసారి చెదిరితే దాన్ని మళ్లీ యథాతథంగా పెట్టడం ఎవరి తరమూ కాదు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎబర్హార్డ్ లేమన్, ఆయన సహచరులు ఇలాంటి విగ్రహాలను రేకు కదపకుండానే న్యూట్రాన్లతో పరీక్షించి, లోపలి చెక్కనూ ఇతర సేంద్రియ పదార్థాలనూ చూపించగలిగారు.

వస్తువును తిప్పుతూ అనేక కోణాల్లో తీసిన న్యూట్రాన్ చిత్రాల నుంచి లోపలి త్రిమితీయ చిత్రాన్ని కట్టడమే న్యూట్రాన్ టోమోగ్రఫీ. అటువంటి పరీక్షను మొదటి నుంచి చివరి దాకా ఎలా నడిపించాలో ఇక్కడ వివరిస్తాను. లెక్కల సౌకర్యం కోసం ఒక విగ్రహాన్ని ఊహించుకుందాం: ఎత్తు 20 సెం.మీ., వెడల్పు 10 సెం.మీ., కంచు గోడ మందం 4 మి.మీ., లోపల సుమారు 2 సెం.మీ. మందమున్న చెక్క కడ్డీ. ఈ పనిలో ఫలితం బాగా వస్తుందా రాదా అన్నది చాలావరకు న్యూట్రాన్ పుంజం తెరుచుకోక ముందే తేలిపోతుంది కాబట్టి, సన్నాహాల గురించే ఎక్కువ చెప్పవలసి వస్తుంది.

ఎక్స్‌రే ఉండగా న్యూట్రాన్ ఎందుకు

ఎక్స్‌రేలు పరమాణువులోని ఎలక్ట్రాన్లతో చర్య జరుపుతాయి. అందువల్ల మూలకం బరువెక్కేకొద్దీ వాటిని ఎక్కువగా అడ్డుకుంటుంది. సీసం ముందు అవి దాదాపు ఆగిపోతాయి, కాగితం, చెక్క, నూనె వంటి వాటిని పట్టించుకోకుండా దాటిపోతాయి. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కనుక అది ఎలక్ట్రాన్లను దాటి నేరుగా కేంద్రకంతోనే చర్య జరుపుతుంది. ఆ చర్య బలం మూలకం బరువును బట్టి క్రమంగా పెరగదు, ఒక్కో కేంద్రకానికి ఒక్కో తీరుగా ఉంటుంది. అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్ న్యూట్రాన్లను చెదరగొట్టే సామర్థ్యం సుమారు 82 బార్న్‌లు (ఇలాంటి చర్యల బలాన్ని కొలిచే ప్రమాణం) కాగా, భారమైన సీసానిది 11 బార్న్‌లు, అల్యూమినియానిది 1.5 బార్న్‌లు మాత్రమే. మరోవైపు బోరాన్, కాడ్మియం, గెడోలినియం వంటి కొన్ని మూలకాలు న్యూట్రాన్లను అమితంగా పీల్చుకుంటాయి. ఒకే మూలకపు రెండు ఐసోటోపుల మధ్య కూడా తేడా ఉంటుంది. మామూలు నీరు కనిపించినంత స్పష్టంగా భారజలం కనిపించదు.

ఈ లక్షణం వల్లనే లోహపు తొడుగు లోపలున్న సేంద్రియ పదార్థాన్ని చూడవలసిన చోటల్లా న్యూట్రాన్లు అక్కరకు వస్తాయి. విమాన ఇంజన్ టర్బైన్ బ్లేడ్లలోని సన్నని శీతలీకరణ మార్గాల్లో పోత తరువాత మిగిలిపోయిన సిరామిక్ ముక్కలను గుర్తించడానికి గెడోలినియం ద్రావణం పట్టించి న్యూట్రాన్ చిత్రాలు తీస్తారు. అంతరిక్ష నౌకల్లో భాగాలను విడదీసే పైరో పరికరాలలో పేలుడు పదార్థం సరిగా నిండిందో లేదో ఇదే పద్ధతిలో చూస్తారు. భారతదేశంలో ఇస్రోకు అవసరమైన ఇటువంటి పరీక్షలు కల్పాక్కంలోని కామిని రియాక్టర్‌లో జరిగాయి.

మన విగ్రహం విషయంలో ఎక్స్‌రే పనికిరాదని దీని అర్థం కాదు. పోతలోని గాలిబుడగలు, సీసపు అతుకులు, అడుగురేకును బిగించిన తీరు ఎక్స్‌రేలో బాగా తెలుస్తాయి. అయితే కంచు గోడను దాటేంత శక్తిగల ఎక్స్‌రేలకు చెక్క, కాగితం దాదాపు పారదర్శకం కనుక, వాటి జాడ లోహం నీడలో కలిసిపోతుంది. వీలుంటే ముందు ఎక్స్‌రే సీటీ (ఎక్స్‌రేలతో చేసే టోమోగ్రఫీ) చేయించి, దానికి దొరకని ప్రశ్నలతోనే న్యూట్రాన్ కేంద్రానికి వెళ్లడం మంచిది. రెండు పద్ధతుల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే పదార్థాల గుర్తింపు గట్టిపడుతుంది.

కాగితం మీద చేయవలసిన మొదటి లెక్క

వస్తువులోంచి ఎంత శాతం న్యూట్రాన్లు అవతలకు వస్తాయో ముందుగా అంచనా వేయాలి. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ప్రతి పదార్థానికీ న్యూట్రాన్ల సంఖ్యను సగానికి తగ్గించే మందం ఒకటి ఉంటుంది, అది తెలిస్తే చాలు. థర్మల్ న్యూట్రాన్లకు, అంటే సుమారు 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో సెకనుకు 2,200 మీటర్ల వేగంతో కదిలేవాటికి, ఆ మందం అల్యూమినియంలో 6 సెం.మీ. పైనే ఉంటుంది. సీసంలో సుమారు 1.9 సెం.మీ., రాగిలో 7 మి.మీ., ఇనుములో 6 మి.మీ.కు కొంచెం తక్కువ, నీటిలో దాదాపు 2 మి.మీ. చెక్కలో తేమనూ సాంద్రతనూ బట్టి మారుతుంది కానీ, ఎండిన చెక్కకు 7 మి.మీ. దరిదాపుల్లో పెట్టుకుని లెక్క వేయవచ్చు.

న్యూట్రాన్ విగ్రహంలోకి వచ్చేటప్పుడు ఒక గోడను, పోయేటప్పుడు మరొక గోడను దాటాలి. మొత్తం 8 మి.మీ. కంచు. దానిలోంచి సుమారు 45 శాతం బయటపడతాయి. మధ్యలో 2 సెం.మీ. చెక్క వాటిలో 13, 14 శాతాన్ని మాత్రమే వదులుతుంది. రెండూ కలిపితే విగ్రహం నడుమ భాగంలోంచి డిటెక్టర్‌కు చేరేవి సుమారు 6 శాతం. ఇది తక్కువే అయినా పని జరుగుతుంది. నా అంచనాలో 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే హాయిగా సాగుతుంది, 2 శాతం కన్నా పడిపోతే ఆ కోణంలోంచి వచ్చే సమాచారం కన్నా చెదిరిన న్యూట్రాన్ల మబ్బు ఎక్కువైపోతుంది.

ఇదే లెక్కను దక్షిణ భారత పంచలోహ ఉత్సవ విగ్రహాలకు వేసి చూస్తే నిరుత్సాహమే మిగులుతుంది. అవి సాధారణంగా ఘనంగా పోతపోసినవి. ఉదర భాగంలో 8 సెం.మీ. లోహం ఉందనుకుంటే న్యూట్రాన్ల సంఖ్య పదకొండు సార్లకు పైగా సగమవుతుంది, అంటే రెండు వేలలో ఒక న్యూట్రాన్ కూడా అవతలకు రాదు. పైగా అభిషేకాల నూనె, నెయ్యి, చందనం, కుంకుమ పొరలు హైడ్రోజన్‌తో నిండి ఉంటాయి కాబట్టి ఉపరితలమే చిత్రాన్ని కప్పేస్తుంది. అటువంటి విగ్రహాలకు అధికశక్తి ఎక్స్‌రేలనో గామా కిరణాలనో ఆశ్రయించాలి తప్ప న్యూట్రాన్ కేంద్రానికి దరఖాస్తు పెట్టడం వృథా. అదే పంచలోహ విగ్రహపు సన్నని చేతులు, ప్రభామండలం వంటి భాగాల్లో దాగిన మరమ్మతులను తెలుసుకోవడమే లక్ష్యమైతే సంగతి వేరు.

ఏ కేంద్రానికి వెళ్లాలి

మంచి చిత్రానికి సరిపడా న్యూట్రాన్లు పరిశోధక రియాక్టర్ల నుంచి గానీ, భార లోహాన్ని ప్రోటాన్లతో ఢీకొట్టించే స్పలేషన్ మూలాల నుంచి గానీ వస్తాయి. చిన్న జనరేటర్లూ, కాలిఫోర్నియం మూలాలూ ఉన్నా టోమోగ్రఫీకి వాటి ధార చాలదు. పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లోని సింక్ మూలం దగ్గర థర్మల్ న్యూట్రాన్లకు న్యూట్రా, వాటికన్నా నెమ్మదైన కోల్డ్ న్యూట్రాన్లకు ఐకాన్ అనే కేంద్రాలు ఉన్నాయి. జర్మనీలోని గార్షింగ్‌లో అంటారెస్, బ్రిటన్‌లోని ఐసిస్ దగ్గర ఐమ్యాట్, ఆస్ట్రేలియాలోని ఓపల్ రియాక్టర్ దగ్గర డింగో, జపాన్‌లోని జె-పార్క్ దగ్గర రాడెన్ ఇదే పనికి పేరున్నవి. బెర్లిన్ కేంద్రం మాత్రం 2019 డిసెంబర్‌లో రియాక్టర్‌తోపాటే మూతపడింది. మిగతాచోట్ల కూడా మరమ్మతులు, ఇంధనం మార్పు వంటి కారణాలతో నెలల తరబడి పని ఆగుతుంటుంది కనుక, దరఖాస్తుకు ముందు ఆ సంవత్సరపు నిర్వహణ పట్టిక చూసుకోవాలి.

భారతదేశంలో ట్రాంబేలోని 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్ 1985లోను, కల్పాక్కంలోని 30 కిలోవాట్ల కామిని 1996లోను మొదలయ్యాయి. కామినిలో ఇంధనం యురేనియం-233. అది వికిరణం చెందిన ఇంధనాన్ని పరీక్షించే హాట్ సెల్స్‌కు దిగువన ఉంటుంది, ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్ నుంచి తీసిన ఇంధన కడ్డీలను అక్కడ న్యూట్రాన్లతో చిత్రిస్తారు. ధ్రువ దగ్గర చిత్రణకు ప్రత్యేక బీమ్‌లైన్ (న్యూట్రాన్ పుంజాన్ని పరీక్షా స్థలానికి చేర్చే మార్గం) ఉంది, విశ్వవిద్యాలయాల వారికి అక్కడి న్యూట్రాన్ సౌకర్యాలను వాడుకునేందుకు యూజీసీ-డీఏఈ కన్సార్షియం తోడ్పడుతుంది. భారతదేశంలో ఉన్న పురావస్తువు విషయంలో ఈ దేశీయ మార్గానికి మరో కారణం కూడా ఉంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహం పురావస్తువే. దాన్ని దేశం దాటించాలంటే, అది తాత్కాలికంగానే అయినా, ప్రభుత్వ అనుమతి లేకుండా కుదరదు.

విదేశీ కేంద్రాలలో అధికభాగం సంవత్సరానికి రెండుసార్లు ప్రతిపాదనలు ఆహ్వానిస్తాయి. ప్రజలకు అందుబాటులో ఉంచే పరిశోధనకు సాధారణంగా రుసుము ఉండదు, వ్యాపార రహస్యంగా ఉంచుకునే పరీక్షలకు మాత్రం ధర చెల్లించాలి. ప్రతిపాదనలో విగ్రహం చరిత్ర గురించి పేజీలు నింపడం కన్నా, ఏ ప్రశ్నకు జవాబు కావాలో, ఎంత సన్నని వివరం కనబడాలో, పైన చెప్పిన ప్రసార లెక్క (ఎంత శాతం న్యూట్రాన్లు దాటి వస్తాయన్నది) ఎంత వచ్చిందో మూడు పేరాల్లో చెప్పడం మేలు. సమీక్షకులు ముఖ్యంగా చూసేది ఆ లెక్కనే. దరఖాస్తుకు ముందే అక్కడి బీమ్‌లైన్ శాస్త్రవేత్తకు విగ్రహం ఫోటో, కొలతలు పంపి ఒకసారి మాట్లాడటం ఆనవాయితీ. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

వస్తువు ఎంతకాలం రేడియోధార్మికంగా ఉంటుంది

యజమానులు మొదట అడిగే ప్రశ్న ఇదే, సమాధానం దాటవేయకూడని ప్రశ్న కూడా ఇదే. న్యూట్రాన్‌ను మింగిన కొన్ని కేంద్రకాలు కొంతకాలం రేడియోధార్మికంగా మారతాయి. చిత్రణకు వాడే ధార స్వల్పం కాబట్టి చాలా వస్తువుల్లో ఇది త్వరగా తగ్గిపోతుంది, అయితే ఎంత త్వరగా అన్నది లోహంలో ఏమేమి ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

రాగి నుంచి ఏర్పడే ఐసోటోపులలో ఒకటి 5 నిమిషాల అర్ధాయువుతో (రేడియోధార్మికత సగానికి తగ్గేందుకు పట్టే కాలం) వెంటనే పోతుంది. రెండోదైన రాగి-64 అర్ధాయువు 12.7 గంటలు కనుక వారం రోజుల్లో దాదాపు పదివేల వంతుకు పడిపోతుంది. ఆర్సెనిక్-76 కు 26 గంటలు. విగ్రహానికి బంగారు మొలాము ఉంటే బంగారం-198 కు 2.7 రోజులు, నెల ఆగితే సరిపోతుంది. ఆందోళన పడవలసినవి దీర్ఘకాలికమైనవి: ఆంటిమొని-124 కు 60 రోజులు, ఇత్తడిలోని జింకు నుంచి వచ్చే జింకు-65 కు 244 రోజులు, వెండి-110ఎం కు సుమారు 250 రోజులు, కోబాల్ట్-60 కు 5 సంవత్సరాలకు పైనే. రత్నాలు పొదిగి ఉన్నా, వెండి తాపడం ఉన్నా, నీలిరంగు గాజుపూత ఉన్నా ముందే చెప్పాలి. ఆ నీలిరంగుకు తరచూ కోబాల్టే కారణం.

కాబట్టి విగ్రహాన్ని పంపేముందు ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరంతో నాలుగైదు చోట్ల మిశ్రమ లోహపు కూర్పును కొలిపించి, ఆ అంకెలను కేంద్రానికి అందజేయాలి. అక్కడి రక్షణ విభాగం వాటితో అంచనా లెక్క వేసి, విగ్రహం ఎన్ని రోజులు తమ దగ్గర ఉండాలో చెబుతుంది. ఆ రోజులను రవాణా ఒప్పందంలోనూ బీమా పత్రంలోనూ ముందే చేర్చాలి. పరీక్ష అయిన మర్నాడే విమానం టికెట్ కొనుక్కున్నవారికి విగ్రహం లేకుండానే వెళ్లవలసి వస్తుంది.

ఇదే దశలో ఆలోచించవలసిన మరో సంగతి, తరచూ మరుగున పడేది, పోత మట్టి. బోలు విగ్రహాల లోపల ఒక్కోసారి పోత సమయంలో వాడిన కాలిన మట్టి గర్భం కొంత మిగిలి ఉంటుంది, థర్మోల్యూమినిసెన్స్ పద్ధతిలో విగ్రహం వయసు కట్టడానికి అదే ఆధారం. వికిరణం తగిలితే ఆ మట్టిలోని సహజ సంకేతానికి కొత్త మోతాదు కలిసి, కాలనిర్ణయం చెడిపోతుంది. ఎక్స్‌రే సీటీకి కూడా ఇదే వర్తిస్తుంది. కాలనిర్ణయం ఎప్పటికైనా అవసరం కావచ్చనుకుంటే, చేతికందే చోట మట్టి ఉంటే, దాని నమూనాను అన్ని వికిరణ పరీక్షలకూ ముందే వెలుతురు తగలకుండా తీసి భద్రపరచాలి.

నిలబెట్టడం

విగ్రహాన్ని తిరిగే బల్ల మీద నిలబెట్టడానికి అల్యూమినియం ఆధారాలే వాడాలి. అల్యూమినియం న్యూట్రాన్లకు దాదాపు కనబడదు, దానిలో ఏర్పడే రేడియోధార్మికత కూడా నిమిషాల్లో పోతుంది. మెత్తదనం కోసం స్పాంజి, థర్మోకోల్, రబ్బరు, జిగురు టేపు వాడితే అవి హైడ్రోజన్ వల్ల చిత్రంలో విగ్రహం కన్నా గట్టిగా కనిపిస్తాయి. నలిపిన అల్యూమినియం రేకు ముద్దలు ఆ పనికి చాలు, తప్పనిసరైతే హైడ్రోజన్ లేని టెఫ్లాన్ ముక్కలు వాడుకోవచ్చు. ఏదైనా గాజుపాత్ర అవసరమైతే బోరోసిలికేట్ గాజు కాకుండా క్వార్ట్జ్ తీసుకోవాలి, ఎందుకంటే మొదటిదానిలోని బోరాన్ న్యూట్రాన్లను మింగేస్తుంది. చేతితొడుగులు లేకుండా విగ్రహాన్ని ముట్టుకోకూడదు. చెమటలోని ఉప్పు నుంచి 15 గంటల అర్ధాయువుగల సోడియం-24 ఏర్పడుతుంది.

విగ్రహం నిలువు అక్షం బల్ల అక్షంతో కలిసేలా నిలబెట్టి, ఒక పూర్తి చుట్టు తిప్పి చూసి, ఏ కోణంలోనూ అంచు చట్రం దాటడం లేదని నిర్ధారించుకోవాలి. రాత్రంతా జరిగే స్కాన్‌లో విగ్రహం అర మిల్లీమీటరు జరిగినా మొత్తం వృథా కనుక, మొదట్లో తీసిన సున్నా డిగ్రీల చిత్రాన్నే చివర్లో మరోసారి తీసి రెండింటినీ పోల్చాలి.

ఎంత దగ్గరగా, ఎంతసేపు

న్యూట్రాన్లకు కటకం పెట్టి బొమ్మను కేంద్రీకరించడం ఈ కేంద్రాల్లో మామూలుగా జరిగేది కాదు. చిన్న రంధ్రం నుంచి బయలుదేరిన పుంజం వస్తువును దాటి తెర మీద నీడ వేస్తుంది. రంధ్రం నుంచి తెరకు ఉన్న దూరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె ఆ నీడ పదునును నిర్ణయిస్తుంది. దూరం 7 మీటర్లు, రంధ్రం 2 సెం.మీ. అయితే ఆ నిష్పత్తి 350. విగ్రహం మధ్యభాగం తెరకు 6 సెం.మీ. దూరంలో ఉంటే అక్కడి వివరాలు 60 మి.మీ.ను 350తో భాగించినంత, అంటే సుమారు 0.17 మి.మీ. మేర అలుక్కుపోతాయి. రంధ్రాన్ని 1 సెం.మీ.కు తగ్గిస్తే ఆ మసక సగమవుతుంది, వచ్చే న్యూట్రాన్లు మాత్రం నాలుగో వంతే. ఈ బేరం ప్రతి ప్రయోగంలోనూ తప్పదు. మన విగ్రహంలో కాగితపు చుట్టలు ఎక్కడున్నాయో, ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలనుకుంటే పెద్ద రంధ్రమే నయం. విగ్రహాన్ని మాత్రం తెరకు తగలకుండా వీలైనంత దగ్గరగా జరపాలి, ఎందుకంటే ఆ పదునుకు మూల్యం ఏమీ చెల్లించనక్కర్లేదు. అతిగా దగ్గరైతే విగ్రహం చెదరగొట్టిన న్యూట్రాన్లు కూడా తెర మీద పడతాయన్నది గుర్తుంచుకుని ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడం వదలవచ్చు.

తెర అంటే లిథియం-6 ఫ్లోరైడ్, జింక్ సల్ఫైడ్ కలిపిన పలుచని పూత. న్యూట్రాన్ తగిలిన చోట అది మెరుస్తుంది, ఆ వెలుగును 45 డిగ్రీల అద్దం పక్కకు మళ్లిస్తే, పుంజానికి దూరంగా కవచం వెనుక ఉన్న కెమెరా పట్టుకుంటుంది. పూత మందమైతే వెలుగు ఎక్కువ, పదును తక్కువ. ఇంకా సన్నని వివరాలకు గెడోలినియం ఆక్సీసల్ఫైడ్ తెరలు ఉన్నాయి. కామినిలో ఇంధన కడ్డీల వంటి తీవ్ర రేడియోధార్మిక వస్తువులకు మాత్రం వేరే ఉపాయం అవసరమవుతుంది. అక్కడ డిస్ప్రోసియం రేకు మీద న్యూట్రాన్ నీడ పడనిచ్చి, ఆ రేకును బయటకు తెచ్చి ఫిల్ముకు ఆనిస్తారు. గామా కిరణాలు ఆ రేకును ఉత్తేజపరచలేవు కనుక చిత్రం చెడదు.

ఇప్పుడు సమయం లెక్క. చదరపు సెంటీమీటరుకు సెకనుకు ఒక కోటి న్యూట్రాన్లు వస్తున్నాయనుకుందాం. 0.1 మి.మీ. పిక్సెల్ మీద అవి సెకనుకు వెయ్యి. తెర వాటిలో సుమారు ఐదో వంతును పట్టుకుంటుందనుకుంటే, విగ్రహం మధ్యలోంచి 6 శాతమే దాటుతాయి కాబట్టి, 10 సెకన్లలో ఒక పిక్సెల్‌కు దక్కేవి 120. వాటి వర్గమూలం సుమారు 11, అంటే 9 శాతం గరుకు (న్యూట్రాన్ల లెక్కలో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గు). ఇది మరీ ఎక్కువ. 60 సెకన్లు ఇస్తే 720 వస్తాయి, గరుకు 4 శాతం లోపుకు దిగుతుంది.

ఎన్ని కోణాల్లో తీయాలన్నది విగ్రహం వెడల్పులో పట్టే పిక్సెళ్లను బట్టి ఉంటుంది. 10 సెం.మీ.కు 1,000 పిక్సెళ్లు అనుకుంటే సిద్ధాంతం ప్రకారం వాటికి ఒకటిన్నర రెట్లకు కొంచెం మించి, అంటే దాదాపు 1,570 చిత్రాలు కావాలి. ఆచరణలో అందులో సగంతో కూడా చక్కని ఫలితం వస్తుంది. 180 డిగ్రీల్లో 800 చిత్రాలు, ఒక్కోటి 60 సెకన్లు అంటే 13 గంటలకు పైన, కెమెరా చదవడానికీ బల్ల తిరగడానికీ పట్టే సమయం అదనం. కేటాయించిన బీమ్ సమయం ఒకటిన్నర రోజే అయితే ఒక్క విగ్రహానికి మించి పెట్టుకోకపోవడమే వివేకం. స్కాన్ మధ్యలో పుంజం ఆగిపోతుందన్న భయం ఉంటే కోణాలను వరుసగా కాకుండా స్వర్ణ నిష్పత్తి క్రమంలో తీయించాలి. అప్పుడు ఎక్కడ ఆగినా అప్పటికి ఉన్న చిత్రాలు అన్ని దిక్కులకూ సమంగా పరుచుకుని ఉంటాయి.

సవరణ, పునర్నిర్మాణం

విగ్రహం లేకుండా పుంజం ఉన్న చిత్రాలు, పుంజం కూడా లేని చీకటి చిత్రాలు కనీసం ఇరవై చొప్పున తీయాలి. మొదటివి స్కాన్‌కు ముందూ తరువాతా రెండుసార్లు ఉండాలి. ప్రతి చిత్రం నుంచి చీకటిని తీసివేసి, చీకటి తీసిన ఖాళీ పుంజంతో భాగిస్తే తెరలోని మచ్చలు, పుంజంలోని అసమానతలు పోయి నికరమైన ప్రసారం మిగులుతుంది. రియాక్టర్ శక్తిలో, ప్రోటాన్ ధారలో హెచ్చుతగ్గులు ఉంటాయి కాబట్టి, చట్రంలో విగ్రహం ఎప్పుడూ రాని ఒక మూలను ఎంచుకుని, అన్ని చిత్రాలలోనూ ఆ మూల వెలుగు సమానమయ్యేలా సరిచేయాలి. గామా కిరణాలు కెమెరాకు తగిలి వేసే తెల్లచుక్కలను మీడియన్ ఫిల్టర్ తొలగిస్తుంది.

చెదిరిన న్యూట్రాన్ల సవరణ కాస్త కష్టమైనది. పుంజాన్ని పూర్తిగా అడ్డుకునే చిన్న చుక్కలున్న జాలిని విగ్రహం ముందు పెట్టి కొన్ని చిత్రాలు తీస్తే, ఆ చుక్కల వెనుక చీకటిగా ఉండవలసిన చోట ఎంత వెలుగు పడిందో తెలుస్తుంది. అదే మబ్బు కొలత. చెక్క, కాగితం పుష్కలంగా ఉన్న మన విగ్రహంలో ఈ కొలత మానేస్తే మధ్యభాగం నిజం కన్నా తేలికగా కనబడుతుంది.

ఆ తరువాతి పునర్నిర్మాణం, అంటే ఈ చిత్రాలన్నిటినీ కలిపి త్రిమితీయ చిత్రం కట్టడం, చాలావరకు యంత్రం పని. పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన మూరెక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. తిరుగుడు కేంద్రాన్ని సరిగా గుర్తించడం ఒక్కటే మనం దగ్గరుండి చూసుకోవాలి. అది తప్పితే విగ్రహం అంచులు రెండుగా చీలినట్టు కనబడతాయి.

చిత్రాన్ని చదవడం

త్రిమితీయ చిత్రంలో బూడిదరంగు స్థాయి పదార్థం పేరు చెప్పదు, ఎంత గట్టిగా అడ్డుకుంటున్నదో మాత్రమే చెబుతుంది. ఎండిన చెక్కా కంచూ దాదాపు ఒకే స్థాయిలో ఉండవచ్చు. వాటిని వేరుచేసేది ఆకారం. కడ్డీ, చుట్ట, గింజ, ముడి వేసిన దారం ఇవన్నీ తమ ఆకారంతో పట్టుబడతాయి. ఆకారం సాయపడని చోట ఎక్స్‌రే సీటీతో పోల్చాలి. న్యూట్రాన్లో గాఢంగా, ఎక్స్‌రేలో లేతగా ఉన్నది సేంద్రియం. దానికి వ్యతిరేకంగా ఉంటే సీసమో, సీసపు టంకమో. న్యూట్రాన్లో మిగతా కంచు కన్నా గాఢంగా, ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పొరలా ఉన్నది తుప్పు కావచ్చు. రాగి మీద ఏర్పడే పచ్చని తుప్పులో హైడ్రాక్సిల్ రూపంలో హైడ్రోజన్ ఉంటుంది. ఆధునిక మరమ్మతుల్లో వాడిన ఎపాక్సీ జిగురు అన్నిటికన్నా గాఢంగా కనబడుతుంది కనుక, తేదీ దాచిన మరమ్మతు ఇక్కడ దాగదు.

ఇనుమూ రాగీ న్యూట్రాన్లకు దాదాపు ఒకేలా ఉండటం ఒక చిక్కు. విగ్రహం లోపల పోత సమయంలో వదిలిన ఇనుప మేకు ఉంటే అది గోడలో కలిసిపోతుంది. ఐమ్యాట్, రాడెన్ వంటి స్పలేషన్ కేంద్రాల్లో న్యూట్రాన్ల తరంగదైర్ఘ్యాన్ని విడదీసి చూసే వీలుంది. స్ఫటిక నిర్మాణాన్ని బట్టి ఇనుము ప్రసారం 4.05 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి సెంటీమీటరులో పది కోట్లవ వంతు) దగ్గర, రాగి ప్రసారం 4.17 దగ్గర ఒక్కసారిగా మారుతుంది. టిన్ను కలిసిన కంచులో ఆ రెండో అంచు కొద్దిగా ఇంకా పైకి జరుగుతుంది. ఇనుము ఉందో లేదో తేల్చవలసిన అవసరం నిజంగా ఉంటేనే ఈ పద్ధతిని కోరాలి, ఎందుకంటే దానికి పట్టే సమయం చాలా ఎక్కువ.

కాగితపు చుట్టల మీది అక్షరాలు చదవగలమా అని అడిగేవారు ఉంటారు. సిరాలో న్యూట్రాన్లను విశేషంగా అడ్డుకునే మూలకం లేనంతవరకు, కంచు గోడ వెనుక, 0.1 మి.మీ. పిక్సెల్‌తో అది అయ్యే పని కాదు. మసి సిరా కాగితంలో కలిసిపోతుంది. చుట్టల సంఖ్య, పరిమాణం, పేర్చిన తీరు, దారం కట్టిన విధానం వరకు చెప్పగలగడమే ఈ పరీక్ష హద్దు. ఆ హద్దును యజమానికి మొదటి సమావేశంలోనే చెప్పాలి.

విగ్రహం తిరిగి వెళ్లేటప్పుడు దాని వెంట మూడు రకాల పత్రాలు వెళ్లాలి: రేడియోధార్మికత అనుమతి పరిమితి లోపలే ఉందని కేంద్రం ఇచ్చిన ధ్రువపత్రం, ఖాళీ పుంజం, చీకటి చిత్రాలతో సహా సవరించని మూల దత్తాంశం, మొత్తం ఎన్ని గంటలు ఎంత ధారలో ఉంచామో తెలిపే నమోదు. మూడోదాన్ని మ్యూజియం విగ్రహపు స్థిర దస్త్రంలోనే చేర్చాలి. లోపలి మట్టికి తరువాత ఎవరైనా కాలనిర్ణయం చేయబూనితే వారు ముందుగా వెతికేది ఆ నమోదునే.